నాచు డీజిల్: నూనె ఉంది, నీళ్ళ లెక్కే తేలడం లేదు

ఒక హెక్టారులో సోయాబీన్ వేస్తే ఏడాదికి దాదాపు 446 లీటర్ల నూనె వస్తుంది. ఆయిల్ పామ్ వేస్తే 5,950 లీటర్లు. అదే హెక్టారులో సూక్ష్మ శైవలాలను, అంటే కంటికి విడిగా కనిపించని ఏకకణ నాచును పెంచితే 58,700 లీటర్లు. నూనె బాగా పట్టే రకమైతే ఏకంగా 1,36,900 లీటర్లు! యూసుఫ్ చిస్తీ అనే శాస్త్రవేత్త 2007లో ప్రచురించిన ఒక పరిశోధన వ్యాసంలోని పట్టిక ఇది. మరుసటి ఏడాది జులైలో ముడిచమురు ధర బ్యారెల్‌కు 147 డాలర్ల దాకా పోయింది. ఆ పట్టిక, ఈ ధర రెండూ ఒకే సమయంలో వచ్చేసరికి నాచు కంపెనీల్లో పెట్టుబడి పెట్టడానికి జనం ఎగబడ్డారు.

పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ కంపెనీల్లో చాలావరకు మూతపడ్డాయి. మిగిలినవి ఇంధనం మాట పక్కనపెట్టి పోషకాహార నూనెలు, చేపల మేత, సౌందర్య సాధనాల వైపు మళ్ళాయి. నాచులో నూనె లేదా అంటే నిక్షేపంలా ఉంది. అది డీజిల్‌గా మారదా అంటే ఇబ్బంది లేకుండా మారుతుంది, ఆ రసాయన చర్య దశాబ్దాలుగా తెలిసిందే. చిక్కంతా వేరే చోట ఉంది. ఆ నూనె ఎన్ని నీళ్ళలో చెల్లాచెదురుగా ఉంది, దాన్ని పోగు చేయడానికి ఎంత శక్తి ఖర్చవుతుంది, నాచుకు ఎంత ఎరువు వేయాలి అన్నవి లెక్క వేస్తేనే ఈ ఇంధనం భవిష్యత్తు అర్థమవుతుంది. వార్తల్లో మాత్రం నూనె శాతం ఒక్కటే పెద్దక్షరాల్లో కనిపిస్తుంది.

కణం నూనెను ఎందుకు దాస్తుంది?

క్లోరెల్లా, నానోక్లోరాప్సిస్, సినిడెస్మస్ వంటి శైవలాలకు వేళ్ళు, కాండం, ఆకులు అంటూ వేరే భాగాలేవీ ఉండవు. ఒక్కటే కణం, కొన్ని మైక్రాన్ల వెడల్పు. ఎండ, కార్బన్ డయాక్సైడ్, నత్రజని, భాస్వరం సరిగా అందితే ఆ కణం ఒక్క రోజులోపే రెండవుతుంది. పైరులాగా నెలల తరబడి కాండాన్ని పెంచుకుని, ఆఖరున గింజలో నాలుగు చుక్కలు దాచే పని దానికి లేదు. పట్టుకున్న సూర్యరశ్మి అంతా కొత్త కణాల తయారీకే పోతుంది. అంతేకాదు, ఉప్పునీటిలోనూ, పంటకు పనికిరాని నేల మీద తవ్విన చెరువులోనూ ఇది పెరుగుతుంది. తిండిగింజలతో పోటీ పడని ఇంధనం అన్న మాటకు బలం వచ్చింది ఇక్కడినుంచే.

అయితే హాయిగా పెరుగుతున్న కణంలో నూనె పెద్దగా ఉండదు. దానికి అప్పుడు కావలసింది ప్రోటీన్లు, పొరలు, పత్రహరితం. నూనె పేరుకునేది కష్టకాలంలో. నీటిలో నత్రజని అయిపోయిందనుకుందాం. నత్రజని లేనిదే ప్రోటీన్ లేదు, ప్రోటీన్ లేనిదే కణ విభజన లేదు. కానీ ఎండ మాత్రం మీద పడుతూనే ఉంటుంది, కార్బన్ లోపలికి వస్తూనే ఉంటుంది. అలా వచ్చిన కార్బన్‌ను పెరుగుదలకు వాడుకునే దారి లేక, కణం ముందు పిండిపదార్థంగా, ఆ తర్వాత ట్రైగ్లిసరైడ్ అనే కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. ఈ దశలో చెరువు రంగు కూడా మారుతుంది. పత్రహరితంలోని నత్రజనిని సైతం కణం వెనక్కి లాక్కుంటుంది కాబట్టి ముదురాకుపచ్చ పోయి పసుపు తేలుతుంది. నైల్ రెడ్ అనే రంగు కలిపి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ కింద చూస్తే, కణం నిండా పసుపురంగులో మెరిసే నూనె బొట్లు కనిపిస్తాయి.

చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కణం పెరగడం ఆపేసిందన్న సంగతి ఆ ఫొటోలో కనపడదు. నూనె శాతం 20 నుంచి 50కి చేరినా, నాచు పెరిగే వేగం అంతకు మించి పడిపోతే మొత్తం మీద చేతికొచ్చే నూనె తగ్గుతుంది. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు నడిపిన 'ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్' తేల్చిన ముఖ్యమైన విషయాల్లో ఇదొకటి. సుమారు 3,000 రకాల శైవలాలను సేకరించి, వడపోసి, దాదాపు 2.5 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి, పస్తులు పెడితే శాతం పెరుగుతుంది కానీ రోజువారీ నూనె దిగుబడి పెరగదని ఆ బృందం తన తుది నివేదికలో రాసింది. కొవ్వు తయారీకి కీలకమనుకున్న ఒక ఎంజైమ్ జన్యువును సైక్లోటెల్లా అనే డయాటమ్‌లో (గాజులాంటి పెంకు ఉండే ఒక రకం శైవలంలో) అదనంగా చొప్పించి కూడా చూశారు. ఎంజైమ్ పెరిగింది, నూనె పెరగలేదు.

ఈ దృష్టితో మళ్ళీ మొదటి పట్టిక చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. 30 శాతం నూనెతో 58,700 లీటర్లు, 70 శాతం నూనెతో 1,36,900 లీటర్లు. రెండింటినీ వెనక్కి లెక్కేస్తే ఒకే సంఖ్య వస్తుంది: ఏడాదికి హెక్టారుకు సుమారు 180 టన్నుల ఎండు నాచు, అంటే రోజూ చదరపు మీటరుకు 49 గ్రాములు. ఒళ్ళంతా నూనె నిండిన కణం కూడా మామూలు కణమంత వేగంగానే పెరుగుతుందన్న ఊహ మీద రెండో సంఖ్య నిలబడి ఉంది. జీవి అలా ప్రవర్తించదు. పట్టిక వేసిన ఉద్దేశం వేరే కావచ్చు, పంటలకూ నాచుకూ మధ్య ఎంత తేడా ఉండగలదో చూపడానికి అది పనికొస్తుంది. దాన్నే దిగుబడి అంచనాగా పట్టుకుని వ్యాపార ప్రణాళికలు రాసుకోవడం దగ్గరే వ్యవహారం దెబ్బతింది.

ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. నూనె శాతం కొలిచే పాత పద్ధతిలో ఎండు నాచును క్లోరోఫాం, మెథనాల్ మిశ్రమంలో కరిగించి, కరిగినదాన్నంతా తూకం వేస్తారు. ఆ తూకంలో పత్రహరితం ఉంటుంది, ఇతర రంగులుంటాయి, కణం పొరల్లోని ఫాస్ఫోలిపిడ్లు, గ్లైకోలిపిడ్లు ఉంటాయి. వాటిలో డీజిల్‌గా మారేది కొంతే. అందుకే మొత్తం కొవ్వు శాతం చెప్పారా, కొవ్వు ఆమ్లాల శాతం చెప్పారా అన్నది చూసుకోకుండా ఏ రెండు పరిశోధనలనూ పోల్చకూడదు.

ఎండకు ఉన్న హద్దు

ఎంత గొప్ప రకమైనా సూర్యుడు ఇచ్చిన దానికి మించి తీసుకోలేదు. నేల మీద పడే సూర్యశక్తిలో కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చేది 45 శాతం దాకా మాత్రమే. ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును పట్టడానికి కనీసం 8 ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు కావాలి. ఈ రెండింటితో పాటు శ్వాసక్రియలో పోయేదీ, నీటి ఉపరితలం మీద ప్రతిఫలించేదీ తీసేస్తే, మొత్తం సూర్యశక్తిలో సుమారు పదో వంతు జీవపదార్థంగా మారడమే గొప్ప. ఆరుబయట చెరువుల్లో నిజంగా దక్కేది చాలావరకు 1 నుంచి 3 శాతం.

దీన్ని గ్రాముల్లోకి మార్చి చూడవచ్చు. మంచి ఎండ ఉన్న చోట ఏడాది సగటున చదరపు మీటరుకు రోజుకు 18 మెగాజౌళ్ళ శక్తి పడుతుంది. అక్కడ రోజుకు 25 గ్రాముల ఎండు నాచు పండితే, గ్రాముకు 22 కిలోజౌళ్ళ చొప్పున 0.55 మెగాజౌళ్ళు దక్కినట్టు. అంటే 3 శాతం. పట్టికలోని 49 గ్రాములు, అందులోనూ 70 శాతం నూనె కావాలంటే 8 శాతం దాటాలి. అది సిద్ధాంతం గీసిన గీతకు ఆనుకుని ఉన్న చోటు. ఏడాది పొడవునా, మబ్బుల్లోనూ చలిలోనూ ఆ గీత మీదే నడవడం ఏ చెరువుకూ సాధ్యం కాదు.

ఎండ ఎక్కువైనా నష్టమే అన్నది ఇక్కడ ఆసక్తికరమైన విషయం. శైవలాలు పుట్టి పెరిగింది మసక వెలుతురులో, కాబట్టి ప్రతి కణమూ తనకు కావలసిన దానికన్నా పెద్ద కాంతిగ్రాహక వ్యవస్థను మోసుకు తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం పైపొరలోని కణాలు ఆబగా వెలుతురు పట్టుకుని, వాడుకోలేక చాలా భాగాన్ని వేడిగా వదిలేస్తాయి. కిందున్న వాటికి చీకటే మిగులుతుంది. ప్రకృతిలో బతకడానికి పనికొచ్చిన ఈ పోటీ గుణం సాగులో అడ్డంకి అయింది. కాంతిగ్రాహకాలను జన్యుపరంగా కుదించి, వెలుతురు లోతుకు దిగేలా చేయాలన్నది పరిశోధకులు ఎంతో కాలంగా చేస్తున్న ప్రయత్నం. నూనె శాతం పెంచడం కన్నా ఇదే మేలైన దారి అనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ పెరుగుదలను బలిపెట్టాల్సిన పని లేదు.

చెరువులో జరిగేది

పెద్ద ఎత్తున నాచు పెంచడానికి వాడే రేస్‌వే చెరువుకు ఆద్యుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం ఆస్వాల్డ్. 1950లలో మురుగునీటి శుద్ధి కోసం మొదలైన పని అది. కోడిగుడ్డు ఆకారంలో సాగదీసిన కాలువ, మధ్యలో ఒక గోడ, ఒక చోట తిరుగుతూ నీటిని తోసే తెడ్ల చక్రం. లోతు 20 నుంచి 30 సెంటీమీటర్లే. అంతకు మించి లోతు పెంచితే అడుగుకు వెలుతురు దిగదు. కార్బన్ డయాక్సైడ్‌ను బుడగలుగా పంపుతారు, ఎందుకంటే గాలిలోంచి దానంతట అది కరిగేది ఈ పెరుగుదలకు చాలదు. ఒక టన్ను ఎండు నాచు పండాలంటే దాదాపు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కావాలి.

గాజు లేదా ప్లాస్టిక్ గొట్టాల్లో పెంచే ఫోటోబయోరియాక్టర్లు రెండో పద్ధతి. బయటి క్రిములు రావు, నాచు చిక్కగా పెరుగుతుంది. కానీ పొడవాటి గొట్టంలో విడుదలైన ఆక్సిజన్ బయటికి పోయే దారి లేక పేరుకుని కిరణజన్య సంయోగక్రియనే అణిచేస్తుంది. ఎండలో గొట్టం కాగిపోతుంది కాబట్టి చల్లబరచాలి, గోడలకు నాచు అంటుకుంటే కడగాలి. ఖరీదైన మందులకో, రంగులకో గిట్టుబాటు అవుతుంది కానీ లీటర్ల లెక్కన అమ్మే ఇంధనానికి ఆ పెట్టుబడి మోయలేనంత బరువు. కాబట్టి ఇంధనం మాటెత్తితే చెరువే గతి.

చెరువు తెరిచి ఉంటుంది. గాలితో, పక్షులతో, దుమ్ముతో ఎవరైనా వచ్చి చేరవచ్చు. రోటిఫర్లనే సూక్ష్మజీవులు నాచును మేసేస్తాయి, కైట్రిడ్ శిలీంధ్రాలు కణాల్లో దూరి చంపేస్తాయి. నిన్నటి దాకా పచ్చగా ఉన్న చెరువు రెండు మూడు రోజుల్లో గోధుమరంగు నీళ్ళుగా మారడం ఈ రంగంలో అందరూ భయపడే విషయం. స్పిరులినా, డునాలియెల్లా అనే నాచు రకాల చెరువులు ఏళ్ళ తరబడి నిలబడడానికి కారణం వేరే. మొదటిది బాగా క్షారపు నీటిలోనూ, రెండోది సముద్రం కన్నా ఎన్నో రెట్లు ఉప్పగా ఉన్న నీటిలోనూ పెరుగుతాయి. శత్రువులకు అక్కడ బతుకు లేదు. నూనె రకాల్లో ఎక్కువ వాటికి ఆ రక్షణ లేదు. ల్యాబ్‌లో ముద్దుగా పెంచిన రకాలను బయటి చెరువులో వేస్తే స్థానికంగా ఉండే రకాలు వాటిని తొక్కేసి పైకొస్తాయని ఆక్వాటిక్ స్పీసీస్ ప్రోగ్రామ్ అనుభవం చెప్పింది. అక్కడికి బాగా అలవాటు పడిన ఆ స్థానిక రకాన్నే పెంచుకోవడం మేలని కూడా సూచించింది.

ఆ కార్యక్రమం కింద న్యూమెక్సికోలోని రాజ్‌వెల్‌లో 1,000 చదరపు మీటర్ల చెరువులు నడిపారు. పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో 90 శాతానికి పైగా నాచే వాడుకుంది, అది నిజంగా మెచ్చుకోవాల్సిన ఫలితం. కొన్ని రోజుల్లో దిగుబడి చదరపు మీటరుకు 50 గ్రాములు తాకింది. ఏడాది సగటు మాత్రం 10 గ్రాముల దగ్గరే ఆగింది. చలి దెబ్బ తీసింది. ఆ 50 గ్రాముల రోజును చూసి ఆశపడాలా, 10 గ్రాముల సగటు చూసి లెక్క వేయాలా అంటే ఇంధనం విషయంలో జవాబు ఒక్కటే, సగటు. ప్లాంటు ఏడాదంతా జీతాలివ్వాలి, ఏడాదంతా అప్పు తీర్చాలి.

అమెరికా ప్రభుత్వ పరిశోధనశాలల ఆర్థిక అంచనాలు సాధారణంగా ఏడాది సగటున 25 గ్రాములను లక్ష్యంగా పెట్టుకుంటాయి. ఆ దిగుబడి వచ్చి, అందులో పావు వంతు నూనె ఉంటే, హెక్టారుకు ఏడాదికి దాదాపు 25,000 లీటర్లు. పట్టిక చెప్పిన లక్షకు ఇది చాలా దూరం. అయినా ఆయిల్ పామ్‌కు నాలుగు రెట్లు, పైగా పంటభూమి అక్కర్లేకుండా. ఈ సంఖ్యతో సంతృప్తి పడి మొదలుపెట్టి ఉంటే ఈ రంగం ఇన్ని ఆటుపోట్లు చూసేది కాదు.

నీళ్ళే అసలు బరువు

రేస్‌వే చెరువులో నాచు బాగా పెరిగినప్పుడు లీటరు నీటికి అర గ్రాము ఎండు పదార్థం ఉంటుంది. 15 లీటర్ల బకెట్ ముంచి తీస్తే అందులో ఉండేది ఏడున్నర గ్రాములు, ఒకట్రెండు చెంచాల పొడి. అందులోనూ పావు వంతే నూనె. లీటరు నూనె కావాలంటే సుమారు 3.7 కిలోల ఎండు నాచు కావాలి, దానికోసం 7,000 లీటర్లకు పైగా నీటిని వడగట్టాలి. పామ్ గెల కోసుకొచ్చినట్టు కోసుకొచ్చే వీలు ఇక్కడ లేదు.

మామూలు గుడ్డతో వడగడదామంటే కణాలు మరీ చిన్నవి. వాటంతట అవి అడుగుకు చేరతాయేమో అని చూస్తే, వాటి ఒంటి మీద రుణావేశం ఉండడం వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి. పటికలాంటి లవణాలో, చిటోసాన్ వంటి పాలిమర్లో వేసి ఆ ఆవేశాన్ని చంపితే ముద్దలుగా కూడతాయి. ఆ తర్వాత సన్నని గాలి బుడగలతో పైకి తేల్చి తెట్టులా తీస్తారు. చివర్లో సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిర్రున తిప్పి నీటిని వేరుచేసే యంత్రంలో తిప్పితే 20 శాతం ఘనపదార్థం ఉన్న ముద్ద చేతికొస్తుంది. మొదటి నుంచీ సెంట్రిఫ్యూజే వాడితే పని సులువే కానీ కరెంటు ఖర్చు తడిసి మోపెడవుతుంది. మొత్తం ఉత్పత్తి ఖర్చులో 20 నుంచి 30 శాతం ఈ పోగుచేసే పనికే పోతుందని తరచూ అంచనా వేస్తారు.

ఇప్పుడు ఆ ముద్దను దగ్గరగా చూడాలి. ఒక కిలో ఎండు నాచు ఉన్న ముద్ద బరువు ఐదు కిలోలు, అందులో నాలుగు కిలోలు నీళ్ళు. నూనె తీసే పాత పద్ధతుల్లో ముందు దీన్ని ఎండబెట్టాలి, లేకపోతే హెక్సేన్ లాంటి ద్రావణి లోపలికి దిగదు. కిలో నీటిని వేడిచేసి ఆవిరి చేయడానికి సుమారు 2.6 మెగాజౌళ్ళు కావాలి. నాలుగు కిలోలకు 10.4 మెగాజౌళ్ళు. ఆ కిలో నాచులో పావు కిలో నూనె ఉందనుకుంటే, దాన్ని కాల్చినప్పుడు వచ్చేది 9.25 మెగాజౌళ్ళు. ఎండబెట్టడానికి పెట్టిన వేడే నూనెలో ఉన్న శక్తిని మించిపోయింది! చెరువు తిప్పిన కరెంటు, పంపులు, ఎరువులు, సెంట్రిఫ్యూజ్ ఇంకా లెక్కలోకి రానేలేదు. ఆవిరి వేడిని తిరిగి వాడుకుంటే కొంత ఆదా అవుతుంది, ఎండలో ఆరబెడితే ఇంధనం ఖర్చు ఉండదు. కానీ రోజుకు వందల టన్నుల తడి ముద్దను ఎండలో పరిస్తే అంత స్థలం ఎక్కడ, ఈలోగా అది కుళ్ళకుండా ఉండేదెలా? నాచు డీజిల్ వ్యవహారంలో ఇంతకన్నా ముఖ్యమైన లెక్క మరొకటి లేదు.

ఇక్కడిదాకా వచ్చాక డీజిల్ తయారీ పెద్ద విషయం కాదు. నూనెలోని ట్రైగ్లిసరైడ్‌కు మెథనాల్ కలిపి, సోడియం లేదా పొటాషియం హైడ్రాక్సైడ్ ఉత్ప్రేరకంగా, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు కలియబెడితే మూడు కొవ్వు ఆమ్లాలూ విడిపోయి మిథైల్ ఎస్టర్లవుతాయి. అదే బయోడీజిల్. వంద కిలోల నూనెకు సుమారు 11 కిలోల మెథనాల్ ఖర్చై, వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. నాచు నూనెలో విడి కొవ్వు ఆమ్లాలు ఎక్కువుంటే సబ్బు తయారై కూర్చుంటుంది, అప్పుడు ముందుగా ఆమ్లంతో శుద్ధి చేయాలి. ఇంకో ఇబ్బంది నిల్వ. చాలా శైవలాల నూనెలో నాలుగైదు ద్విబంధాలున్న కొవ్వు ఆమ్లాలుంటాయి. అవి గాలి తగిలితే త్వరగా పాడై జిగురు కడతాయి. యూరప్ బయోడీజిల్ ప్రమాణం నాలుగు లేదా అంతకు మించి ద్విబంధాలున్న ఎస్టర్లను 1 శాతానికి పరిమితం చేసింది. గుండెకు మంచిదని మనుషులు డబ్బు పెట్టి కొనుక్కునే ఒమేగా-3 ఆమ్లాలు ఇంజిన్‌కు పడవు. అలాంటి ఆమ్లాలను వేరుచేసి అమ్ముకోగలిగితే రెండు విధాలా లాభమే.

ఎరువుల బాకీ

కార్బన్ డయాక్సైడ్ గురించి అందరూ మాట్లాడతారు, నత్రజని గురించి తక్కువ మంది మాట్లాడతారు. ఎండు నాచులో 6 నుంచి 7 శాతం నత్రజనే. రోజుకు 25 గ్రాముల లెక్కన హెక్టారుకు ఏడాదికి 91 టన్నుల నాచు పండితే, అందులో దాదాపు 6 టన్నుల నత్రజని ఉంటుంది. ఏ పంటకూ ఇంత ఎరువు వేయరు. ఈ నత్రజని ఎరువు తయారయ్యేది సాధారణంగా సహజవాయువు నుంచి, కాబట్టి కొత్త ఇంధనం కోసం పాత ఇంధనాన్నే తగలబెట్టినట్టవుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆ దేశ రవాణా ఇంధనంలో 5 శాతం, అంటే 3,900 కోట్ల లీటర్లు నాచు నుంచి తీయాలంటే, ఎరువులను మళ్ళీ వాడుకోని పక్షంలో 60 లక్షల నుంచి కోటిన్నర టన్నుల నత్రజని, 10 నుంచి 20 లక్షల టన్నుల భాస్వరం కావాలి. నత్రజని విషయంలో అది దేశం మొత్తం వాడకంలో 44 నుంచి 107 శాతం. నీటి అంచనా ఇంకా విచిత్రం. లీటరు పెట్రోలుకు సమానమైన నాచు ఇంధనానికి 3.15 లీటర్ల నుంచి 3,650 లీటర్ల దాకా మంచినీరు పట్టవచ్చంది. ఉప్పునీటిలో పెంచి, వాడిన నీటినే తిప్పితే మొదటి సంఖ్య, మంచినీటి చెరువు ఎండకు ఆవిరవుతూ ఉంటే రెండోది.

దీనికి ఒక చక్కని పరిష్కారం ప్రకృతిలోనే ఉంది. ట్రైగ్లిసరైడ్‌లో ఉండేవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ మాత్రమే, నత్రజని గానీ భాస్వరం గానీ లేవు. నూనె పోయినా ఎరువంతా పిప్పిలోనే మిగులుతుంది. ఆ పిప్పిని గాలి లేని ట్యాంకులో కుళ్ళబెడితే మీథేన్ వస్తుంది, దాంతో ప్లాంటు నడపవచ్చు. నత్రజని అమ్మోనియాగా నీటిలో మిగిలి తిరిగి చెరువుకు పోతుంది. ఈ చక్రం సరిగా తిరిగితేనే నాచు డీజిల్ శక్తి లెక్క లాభంలో పడుతుంది. కానీ పిప్పిని మేతగా అమ్మి సొమ్ము చేసుకుందామన్న ఆలోచన వచ్చిందంటే ఎరువు దానితో పాటే బయటికి పోతుంది. రెండూ ఒకేసారి కుదరవు. ఎన్నో ప్రణాళికలు రెండు లాభాలనూ ఒకే పట్టికలో రాసుకున్నాయి, అది సరికాదు.

కార్బన్ డయాక్సైడ్ మాటకొస్తే, విద్యుత్ కేంద్రం పొగను చెరువుకు పంపడం మంచి ఆలోచనే. కాకపోతే అది కార్బన్‌ను పాతిపెట్టడం కాదు. డీజిల్ కాల్చగానే ఆ కార్బన్ గాలిలోకే పోతుంది. ఒకే కార్బన్‌తో రెండుసార్లు పని చేయించుకున్నట్టు, అంతే. రాత్రి, చలికాలం పొగ ఆగదు, నాచు మాత్రం ఆగుతుంది.

డబ్బు ఎటు పోయింది?

జన్యు శాస్త్రవేత్త క్రెయిగ్ వెంటర్ స్థాపించిన సింథటిక్ జీనోమిక్స్‌తో కలిసి 60 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెడతామని చమురు కంపెనీ ఎక్సాన్‌మొబిల్ 2009లో ప్రకటించింది. 2017లో ఆ బృందం నిజంగానే గొప్ప ఫలితం చూపించింది. నానోక్లోరాప్సిస్‌లో ఒక నియంత్రణ జన్యువును తగ్గించి, పెరుగుదల పెద్దగా దెబ్బతినకుండానే నూనెను 20 శాతం నుంచి 40 శాతం పైకి తెచ్చింది. కణాన్ని పస్తులు పెట్టకుండా నూనె తీయవచ్చని చూపిన పని అది, దాని విలువ ఎప్పటికీ పోదు. మరుసటి ఏడాది, 2025 నాటికి రోజుకు 10,000 బ్యారెళ్ళు తీయగల సాంకేతిక సామర్థ్యం లక్ష్యమన్నారు. 2023 వచ్చేసరికి ఎక్సాన్ నిధులు ఆపేసింది. ల్యాబ్ ఫ్లాస్కులో గెలిచిన కణం చెరువు నీళ్ళ బరువును తగ్గించలేదు కదా.

షెల్ కంపెనీ హవాయిలో 2007లో మొదలుపెట్టిన సంయుక్త ప్రయత్నం నుంచి 2011లోనే బయటికొచ్చింది. సొలజైమ్ అనే అమెరికా కంపెనీ వేరే దారి పట్టింది. ఎండ అక్కర్లేకుండా, చీకటి ట్యాంకుల్లో శైవలాలకు చక్కెర తినిపించి నూనె తీసింది. నాచు చిక్కగా పెరుగుతుంది, నీళ్ళ బాధ చాలావరకు తగ్గుతుంది. కానీ ఆ చక్కెర మళ్ళీ పొలం నుంచే రావాలి, అంటే పంటభూమి అక్కర్లేదన్న మొదటి వాదనే పోయింది. 2012లో జరిపిన ఒక విన్యాసం కోసం అమెరికా నౌకాదళం వంటనూనె వ్యర్థాల నుంచీ, సొలజైమ్ నాచు నూనె నుంచీ చేసిన 4,50,000 గ్యాలన్ల ఇంధనాన్ని సుమారు 1.2 కోట్ల డాలర్లకు కొన్నది. గ్యాలన్‌కు 26 డాలర్ల పైమాటే. ఓడలు, విమానాలు చక్కగా నడిచాయి, ధర మాత్రం నడవలేదు. సొలజైమ్ 2016లో టెర్రావియాగా పేరు మార్చుకుని ఆహార నూనెల వైపు వెళ్ళింది, 2017లో దివాలా తీసింది.

ఇప్పుడు పని జరుగుతున్న చోట్లు

తడి ముద్దను ఎండబెట్టకుండానే ఇంధనం చేసే పద్ధతి మీద ఇప్పుడు ఎక్కువ నమ్మకం పెట్టుకున్నారు. హైడ్రోథర్మల్ లిక్విఫాక్షన్ అంటారు. ముద్దను అలాగే 300 నుంచి 350 డిగ్రీల వేడిలో, సుమారు 200 వాతావరణాల ఒత్తిడిలో కొద్ది నిమిషాలు ఉంచితే, ఒత్తిడి వల్ల నీరు ఆవిరి కాకుండా తానే ద్రావణిగా పనిచేస్తుంది. బయటికొచ్చే వేడి నీటితో లోపలికి వెళ్ళే ముద్దను వేడిచేయవచ్చు కాబట్టి చాలావరకు వేడి తిరిగి దక్కుతుంది. ఇంతకన్నా పెద్ద లాభం ఇంకోటుంది. ఇక్కడ నూనె ఒక్కటే కాదు, ప్రోటీన్లు, పిండిపదార్థాలు కూడా కొంతమేర ముడిచమురుగా మారతాయి. అంటే కణాన్ని పస్తులు పెట్టాల్సిన అవసరమే ఉండదు. నూనె శాతం కన్నా వేగంగా పెరిగే, గట్టిగా నిలబడే రకమే గెలుస్తుంది. దశాబ్దాలుగా వేధించిన పెరుగుదలా నూనెనా అన్న తగువు దీంతో చాలావరకు పక్కకు పోతుంది.

కష్టాలు మిగిలే ఉన్నాయి. ప్రోటీన్ల నుంచి వచ్చిన నత్రజని ఆ ముడిచమురులోకి చేరుతుంది, తరచూ 4 నుంచి 6 శాతం దాకా. దాన్ని తీసేయడానికి హైడ్రోజన్ కావాలి, హైడ్రోజన్‌కు మళ్ళీ శక్తి కావాలి. అంత నత్రజని చెరువుకు తిరిగి రాకుండా పోతుంది కూడా. ఇలా శుద్ధి చేసిన ఇంధనం మిథైల్ ఎస్టర్ కాదు, రసాయనికంగా మామూలు డీజిల్ లాంటిదే. చలికి గడ్డకట్టడం, నిల్వలో పాడవడం వంటి బయోడీజిల్ ఇబ్బందులు తగ్గుతాయి, విమాన ఇంధనంగా కూడా మలచవచ్చు. బ్యాటరీలతో కార్లు నడుస్తున్న కాలంలో, బ్యాటరీ మోయలేని దూర విమానాలకు ఇలాంటి ద్రవ ఇంధనం అవసరం ఎక్కువ కాలం ఉంటుంది కాబట్టి, నాచు ఇంధనం మీద పనిచేసేవారి చూపు అటు తిరగడం సబబే.

మరో దారి ఆస్వాల్డ్ మొదలుపెట్టిన చోటికే తీసుకెళ్తుంది. మురుగునీటిలో నత్రజని, భాస్వరం ఊరికే దొరుకుతాయి, పైగా వాటిని తీసేసినందుకు నగరాలు డబ్బిస్తాయి. చెరువు, తెడ్ల చక్రం, పోగుచేసే యంత్రాల ఖర్చు శుద్ధి ఖాతాలో పడితే, ఇంధనం మోయాల్సిన భారం బాగా తగ్గుతుంది. ఇక్కడ పెరిగేది ఏరికోరి తెచ్చిన ఒక్క రకం కాదు, నాచు, బ్యాక్టీరియా కలగలిసిన గుంపు. నూనె తక్కువుంటుంది, అయినా హైడ్రోథర్మల్ పద్ధతికి అది అడ్డు కాదు. మురుగు ఎంత ఉంటే అంతే నాచు, కాబట్టి దీనితో లక్షల బ్యారెళ్ళు రావు. నగరం పక్కన అంత విశాలమైన చదును నేల దొరకడమూ కష్టమే, చలికాలంలో శుద్ధి మందగిస్తే దానికి ప్రత్యామ్నాయం ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. అయినా ఏ ఒక్క లీటరుకూ ఎరువు కొననవసరం లేని నాచు ఇంధనం ఇదే.